మోక్షగుండం విశ్వేశ్వరయ్య: నదికి విడువవలసిన చోటు

హైదరాబాదు నగరమున అమీరుపేట పేరు వినని తెలుగు విద్యార్థి నేడు అరుదు. జిల్లాలనుండి కొలువుల చదువులకై వచ్చు యువకులలో పెక్కుమంది మొట్టమొదట అడుగిడు తావు అది. శిక్షణాలయముల పలకలు, వసతిగృహముల ఇరుకు గదులు, తెల్లవారకమునుపే పొగలు గ్రక్కు టిఫిను బండ్లు, నెత్తిపై పరుగులిడు మెట్రో రైలు దాని గురుతులు. ఆ రైలు అమీరుపేట వీడి పంజగుట్ట, ఎర్రమంజిలు, ఖైరతాబాదు దాటి, మహాత్మాగాంధి బస్సుస్టేషను కడ మూసీనదిని చేరును. ఎర్రమంజిలులో నీటిపారుదల శాఖవారి కార్యాలయమైన జలసౌధ ఉన్నది. ఖైరతాబాదు కూడలిలో ఒక ఇంజనీరు విగ్రహము ఉన్నది. అచ్చటి ఇంజనీర్ల సంస్థ భవనమునకు సైతము ఆయన పేరే పెట్టబడినది. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

మైసూరు దివానుగను, కృష్ణరాజసాగర నిర్మాతగను ఆయనను ఎరుగనివారు లేరు. కాని హైదరాబాదులో ఆయన గడపిన కొలది మాసములను గూర్చి తెలిసినవారు తక్కువ. ఆ కొలది మాసములలో ఆయన చేసిన పని నేడు బీదదేశములన్నియు ఎదుర్కొనుచున్న ఒక చిక్కు ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా వచ్చును. పరిశ్రమలు పెరుగవలెను, ఆదాయము హెచ్చవలెను, ప్రజల లేమి తీరవలెను. అందులకై నేలను, నీటిని, అడవిని ఎంతవరకు వాడుకొనవచ్చును? ముందు ధనము కూడబెట్టి, తరువాత నదులను బాగుచేసికొందమను వాదము ఒకటి కలదు. 1972లో స్టాక్‌హోము నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభలో ఈ వివాదము లోకము ఎదుటికి వచ్చెను. లేమిని తీర్చుటయు, ప్రకృతిని కాపాడుటయు ఒకదానికొకటి పగ కారాదని బీదదేశముల పక్షమున ఇందిరాగాంధి ఆ సభలో వాదించెను. అంతకు అరువదేండ్లు మునుపే ఒక వరద హైదరాబాదు నగరమును ఇదే ప్రశ్న అడిగెను. దానికి సమాధానము వెదకుటకై పిలువబడినవాడు విశ్వేశ్వరయ్య.

ఆయన ఇంటిపేరైన మోక్షగుండము గిద్దలూరు ప్రాంతములోని ఒక తెలుగు పల్లె. పూర్వులు అచ్చటినుండి మైసూరు సీమకు వలసపోయిరి. నందికొండకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో, ఒక సెప్టెంబరు 15వ తేదీన ఆయన జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట చదువు కలదు గాని సిరి లేదు. బాల్యము గడువకమునుపే తండ్రి గతించెను. మేనమామ అండతో ఆ బాలుడు బెంగుళూరు చేరి, సంపన్నుల బిడ్డలకు పాఠములు చెప్పి ఆ వచ్చిన దానితో చదువు సాగించెను. 1881లో సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పట్టము పొందెను. మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా నగరమున ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణుడై, మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వమున అసిస్టెంటు ఇంజనీరుగా చేరెను.

బొంబాయి కొలువులో ఆయన చేసిన పనులను వరుసగా చూచినచో వాని వెనుక ఒకే బుద్ధి కనబడును. కలిమి లేనివాడు ఉన్నదానిని పోగొట్టుకొనక పెంచుకొనవలెను. ఈ ఇంటి నీతిని ఆయన ఇంజనీరింగులోనికి తెచ్చెను. సింధు దేశములోని సక్కరు పట్టణమునకు మంచినీరు కావలసివచ్చెను. సింధునది నీరు బురదతో నిండియుండును. విలువైన వడపోత తొట్లు కట్టించుటకు బదులుగా ఆయన నదీగర్భముననే బావి త్రవ్వించెను. ఇసుకపొరలగుండ ఊరివచ్చిన నీరు తేటపడి బావిలో చేరెను. నది తన ఇసుకతోనే తన నీటిని వడగట్టి ఇచ్చినదన్నమాట. ఇసుక ఉన్నంతవరకే ఆ మేలు దక్కును. ఏటి ఇసుకనంతయు బండ్లకెత్తుకొనిపోవు ఈ దినములలో ఆ సంగతి తలచుకొనదగినది.

పూనా చేరువ ఖడక్‌వాస్లా జలాశయములో ఏటేట మిగులునీరు మత్తడిపై పొర్లి పోవుచుండెను. ఆనకట్టను పెంచవలెనన్నచో వ్యయము హెచ్చు. విశ్వేశ్వరయ్య మత్తడిపై తమంత తామే తెరచుకొని మూసికొను తలుపులను అమర్చెను. నీరు ఒక మట్టమునకు చేరువరకు అవి నిలుపును, దాటినంతనే విడుచును. కట్టను పెంచకయే నిలువ పెరిగెను. దక్కను కాలువల క్రింద నీరు చేరువనున్న రైతు చెరకుమడికి అవధిలేక పెట్టుకొనుటయు, చివరనున్న రైతు ఎండిపోవుటయు ఉండెడిది. హెచ్చు నీటిచే నేల చవుడుబారుచుండెను. ఆయన భూములను ఖండములుగా విభజించి, పైరులను మార్చి మార్చి వేయించి, నీటిని వంతులవారీగా పంచు పద్ధతిని ప్రవేశపెట్టెను. దానివలన నీరు పెక్కురకు అందెను, నేలయు నిలిచెను.

1908లో ఆయన బొంబాయి కొలువునుండి విరమించుకొని ఐరోపా దేశములను చూడబోయెను. అచ్చటనుండగా నిజాము ప్రభుత్వమువారి పిలుపు అందెను. హైదరాబాదులో పెనువిపత్తు సంభవించియుండెను.

ఆ సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున మూసీ ఎగువప్రాంతమున ఎడతెగని వాన కురిసెను. శంషాబాదులోని వర్షమాపకము 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు చూపెను. 28వ తేదీన నది నగరముపై విరుచుకొనిపడెను. వంతెనలు తెగెను, పేటలకు పేటలు తుడిచిపెట్టుకొనిపోయెను. మృతులు సుమారు 15,000 మందియని అంచనా. నదీగర్భమునకు చేరువ పల్లపు నేలలలో క్రిక్కిరిసి కాపురముండినవారే అందు అధికము. ఎత్తైన నేలపై ఇల్లు కట్టుకొనగలవాడు బ్రతికెను. వాగు ఒడ్డున గుడిసె వేసికొనినవాడు పోయెను. వరద అందరిపైకి సమానముగా వచ్చునను మాట నిజము కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును నగరవాసులు నేటికిని చూపుచుందురు.

1909 ఏప్రిల్ మాసమున విశ్వేశ్వరయ్య హైదరాబాదులో పని ప్రారంభించెను. నగరమును కాపాడుటకు నగరములోనే గోడలు కట్టుట ఎవరికైన తోచు ఉపాయము. ఆయన మొదట నగరమును విడిచి ఎగువకు పోయెను. వాన ఎక్కడ పడినది, ఎంత పడినది, ఏ దారిన వచ్చినది, దారిలో ఏమి అడ్డినది, ఏమి తెగినది అని లెక్కకట్టెను. మూసీకిని దాని ఉపనదియగు ఈసీకిని నీరిచ్చు పరీవాహప్రాంతమున 788 చెరువులు ఉన్నట్లును, అనగా రమారమి చదరపు మైలునకు ఒక చెరువు చొప్పున ఉన్నట్లును, అందు 221 ఆ వరదలో తెగినట్లును తేలెను. వరద ఉద్ధృతి సెకండునకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన నిర్ణయించెను.

ఈ అంకెలలో ఒక పాఠము దాగియున్నది. గొలుసుకట్టు చెరువులు తెలుగు నేలకు పూర్వులిచ్చిన సొత్తు. పై చెరువు నిండి అలుగు పారినచో క్రింది చెరువు నిండును. కట్ట గట్టిగానుండి, అలుగు తెరపిగానున్నంతవరకు అవి కరవులో నీరిచ్చును, వానలో వరదను ఆపును. కట్ట బలహీనపడినచో అవే చెరువులు ఒకదానిపై నొకటి తెగి వరదకు బలము చేకూర్చును. చెరువును కాపాడుకొనుట పూర్వాచారముపై మక్కువ మాత్రమే కాదు. దిగువ నున్న జనుల ప్రాణములకు పూచీ.

1909 అక్టోబరులో ఆయన తన నివేదికను సమర్పించెను. మూసీపై నొకటి, ఈసీపై నొకటి, నగరమునకు ఎగువను రెండు జలాశయములు కట్టవలెను. పెనువరద వచ్చినపుడు అవి దానిని పట్టి ఉంచి, నగరము ఓర్చుకొనగల మేరకే విడువవలెను. నగరములో నది ఇరుగట్లను ఎత్తుచేసి, వానివెంట బాటలును ఉద్యానములును ఏర్పరచవలెను. భూమిలోపలి కాలువలచే మురుగునీటిని వేరుగా కొనిపోవలెను. ఇవి ఆయన సూచనలు. నదియొడ్డున ఉద్యానము అనగా విలాసము కాదు. నది ఏనాడైన పొంగినచో మునిగినను ప్రాణహాని లేని చోటు అది. నదికి విడువవలసిన చోటు నదికి విడిచి, ఆ చోటునే ప్రజలకు గాలి వెలుతురుల తావుగా చేయుట ఆయన ఆలోచన.

ఆ నవంబరులోనే ఆయన మైసూరు ప్రధాన ఇంజనీరు పదవికి వెడలిపోయెను. హైదరాబాదులో 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడెను. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. గండిపేట చెరువని జనులు పిలుచు ఆ ఉస్మాన్‌సాగరు నీరు దశాబ్దములపాటు నగరవాసుల దాహము తీర్చెను. వరదను ఆపుటకు పుట్టిన కట్టడము మంచినీటి కుండయై నిలిచినది. ఆ నాటి పనులలో సంస్థానపు ప్రఖ్యాత ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు పాత్రయు స్మరింపదగినది. మురుగుకాలువల పనికై విశ్వేశ్వరయ్య 1922లో మరల హైదరాబాదునకు పిలువబడెను.

మైసూరులో ఆయన చేసిన సేవ జగద్విదితము. 1911లో కృష్ణరాజసాగరము పని మొదలయ్యెను. 1912 నుండి 1918 వరకు దివానుగా ఉండి ఆయన బ్యాంకును, విశ్వవిద్యాలయమును, గంధపు నూనె కర్మాగారమును నెలకొల్పుటకు కారకుడయ్యెను. సేద్యము నొక్కదానినే నమ్ముకొనిన దేశము ఒక్క వానతప్పుతో అడుక్కొను స్థితికి వచ్చునని ఆయన గట్టిగా నమ్మెను. పరిశ్రమలు లేక బీదతనము తీరదని ఊరూర చెప్పెను. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవిధానమును సూచించుచు గ్రంథము వ్రాసి, పదేండ్లలో జాతీయాదాయమును రెట్టింపు చేయవలెనని లక్ష్యము చూపెను. స్వతంత్ర భారతపు పంచవర్ష ప్రణాళికలకు ముందు దారి చూపిన గ్రంథములలో అది యొకటి.

ఐనను ఈ ఘట్టముననే ఆయన జీవితములోని చిక్కుముడి బయటపడును. భద్రావతి ఇనుప కర్మాగారమే అందులకు సాక్షి. మైసూరు సీమలో ఇనుపరాయి కలదు, రాతిబొగ్గు లేదు. కావున మలెనాడు అడవుల కట్టెను కాల్చి బొగ్గుచేసి, ఆ బొగ్గుతో ఇనుమును కరగించు ఊదుకొలిమిని నెలకొల్పిరి. 1923లో ఇనుము పోతపోయుట మొదలయ్యెను. నష్టములలోనున్న ఆ కర్మాగారమును విశ్వేశ్వరయ్య స్వయముగా పర్యవేక్షించి నిలువబెట్టెను. కట్టెను కాల్చగా వచ్చు ఆవిరినుండి సైతము రసాయనములు తీయించి, వృథా కానీయకపోవుట ఆయన పొదుపు బుద్ధికి తగినట్లే ఉన్నది. కాని కొలిమి ఆకలికి అడవి మేతయయ్యెను. చెట్టు మరల ఎదుగుటకు పట్టు కాలమును కొలిమి ఎదురుచూడదు. జలాశయముల క్రింద మునిగిన పల్లెల జనులకు నేల పోయెను. లాభము దూరపు పొలములకు చేరెను.

ఆనాటి ఆర్థికశాస్త్రములో అడవికిని, నదికిని, గాలికిని పద్దు లేదు. ఉత్పత్తియైన ఇనుము ఆదాయపు పుటలో చేరును. నరికిన అడవి వ్యయపు పుటలో చేరదు. ఇది విశ్వేశ్వరయ్య ఒక్కరి లోపము కాదు. ధనిక దేశములు తామును అట్లే పెరిగెను. ఐనను మహాపురుషుని జీవితమును చదువునపుడు ఆయన చూచినదానితోపాటు చూడనిదానిని కూడ గుర్తించుట విద్యార్థికి మేలు. మూసీ విషయమున పరీవాహప్రాంతమంతటిని ఒక్కటిగా చూచిన ఆ దృష్టిని పరిశ్రమల విషయమునకు విస్తరింపజేయు పని తరువాతి తరములకు మిగిలెను.

తరువాతి తరములు ఏమి చేసినవి? సమాధానము అమీరుపేట చుట్టుపట్లనే దొరకును. ఈ పేటను ఆనుకొనియే సనతునగరము ఉన్నది. సనతు అనగా ఉర్దూలో పరిశ్రమ అని అర్థము. నిజాము పాలన చివరి దశకమున అచ్చట పరిశ్రమలు వెలసెను. తరువాత కూకటుపల్లి, జీడిమెట్ల వైపు అవి విస్తరించెను. వేలాది కుటుంబములకు అవి కూడు పెట్టెను. ఆ మాట మరువరాదు. కాని వాని మలినజలము కూకటుపల్లి నాలాలో పడి, 16వ శతాబ్దమున కట్టిన హుస్సేనుసాగరములో చేరెను. ఆ సాగరపు మిగులునీరు పోయి కలియునది మూసీలోనే. ఎగువ రెండు జలాశయములచే వరదనుండి రక్షింపబడిన నది, దిగువ నగరపు మురుగుచే నిండెను. 1931 నాటి మురుగుకాలువలు అయిదు లక్షలలోపు జనసంఖ్యకై ఏర్పడినవి. నగర జనసంఖ్య కోటికి చేరునపుడు అవి చాలకపోవుటలో వింత లేదు.

వాననీరు పారు దారులు సైతము ఇరుకయ్యెను. 2000 ఆగస్టు 24న ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వాన కురియగా, హుస్సేనుసాగరమునకు నీరు తెచ్చు నాలాల వెంటనున్న పేటలు మునిగెను. 2020 అక్టోబరు 13న అమీరుపేటకు చేరువనున్న బేగంపేట వాతావరణ కేంద్రమున 19 సెంటీమీటర్ల వాన నమోదయ్యెను. నగరమున మరల ప్రాణనష్టము జరిగెను. ఈ మారును నాలా ఒడ్డున ఇరుకు ఇండ్లలో నున్నవారే ఎక్కువ నష్టపడిరి. 1908 నాటి పల్లపు పేటల గతి వేరొక చోట, వేరొక కాలమున తిరిగి కనబడెను.

ఎగువ జలాశయముల సంగతియు పరీక్షకు నిలిచెను. 1996 మార్చిలో ప్రభుత్వము 111వ సంఖ్య ఉత్తర్వును వెలువరించి, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చుట్టు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో కాలుష్యకారకమైన పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. అంతకుమునుపే శంషాబాదు మండలములో ఆముదపు నూనెతో రసాయనములు చేయు కర్మాగారమొకటి అనుమతి కోరియుండెను. వివాదము సుప్రీంకోర్టునకు చేరెను. 1999 జనవరిలో వెలువడిన తీర్పులో న్యాయస్థానము ముందుజాగ్రత్త సూత్రమును నొక్కి చెప్పెను. హాని జరుగునని ప్రజలు నిరూపింపనక్కరలేదు, హాని జరుగదని పరిశ్రమయే నిరూపింపవలెనని దాని సారము. 2000 డిసెంబరులో ఆ కర్మాగారమునకు మినహాయింపు చెల్లదని తేల్చెను. 1908లో వాననీటి లెక్క చెప్పిన శంషాబాదే, తొంబదేండ్ల తరువాత బీదదేశములు చదువదగిన ఒక న్యాయసూత్రమునకు వేదికయయ్యెను.

ఆ గ్రామముల రైతులకును ఒక బాధ కలదు. నగరము నీరు త్రాగుటకై తమ భూముల విలువ ఎందుకు తగ్గవలెనని వారు అడిగిరి. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నగరమునకు వేరు నదులనుండి నీరు వచ్చుచున్నందున నిషేధము అక్కరలేదను వాదముతో 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము ఆ ఆంక్షలను సడలించుచు ఉత్తర్వు చేసెను. అది పెద్ద చర్చకు దారితీసెను. ఆ చర్చలో ఒక సంగతి మరుగునపడరాదు. ఆ జలాశయములు పుట్టినది త్రాగునీటికొరకు మాత్రమే కాదు, వరదను ఆపుటకు. కృష్ణానది నీరో, గోదావరి నీరో వచ్చి నగరపు దాహము తీర్చవచ్చును. మూసీపై పడు వానను మాత్రము అవి ఆపలేవు.

విశ్వేశ్వరయ్య దీర్ఘాయుష్మంతుడు. 1951లో తన కార్యజీవిత స్మృతులను ప్రకటించెను. 1955లో భారతరత్న బిరుదమును అందుకొనెను. నూరేండ్లు నిండినపిమ్మట 1962 ఏప్రిల్‌లో పరమపదించెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశము ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుకొనుచున్నది. ఆ దినమున పాఠశాలలలో ఆయన పటమునకు పూలమాల వేయుదురు. కట్టిన కట్టడముల పేర్లు చదువుదురు.

కట్టడముల పేర్లతోపాటు వాని వెనుకనున్న వరుసను కూడ బాలురకు చెప్పవలెను. ఆయన ముందు వానను కొలిచెను, తరువాత చెరువులను లెక్కించెను, ఆ పిమ్మటనే రాయి పేర్పించెను. సంపన్న దేశము నదిని పాడుచేసికొనినచో ధనము పోసి బాగుచేసికొనగలదు. బీదదేశమునకు ఆ రెండవ వ్యయము భరించు శక్తి లేదు. కావున దానికి నదిని పాడుచేసికొను స్వేచ్ఛయు లేదు. పంజగుట్టలో ఒక బడి ఆవరణమున పడిన వాన ఏ నాలాను చేరును, ఆ నాలా ఏ చెరువును చేరును, ఆ చెరువు ఏ నదిని చేరును అని ఒక ఉపాధ్యాయుడు తన తరగతిచే పటము గీయించినచో, 1909లో ఆ ఇంజనీరు మొదలిడిన లెక్కను ఆ పిల్లలు కొనసాగించినట్లే.